పోకర్‌లో కుర్రాళ్లూ, పాతకాపులూ: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర పోకర్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆన్‌లైన్ కుర్రాళ్లు గొప్పవాళ్లా, ఇరవై ఏళ్లుగా ఆడుతున్న పాతకాపులా?" ప్రశ్నతో నాకు పేచీ లేదు. ముందే సిద్ధం చేసుకుని తెచ్చే జవాబులతోనే పేచీ. వాటిలో ఒకటి మనుషుల ఉద్యోగాలనూ పొదుపు సొమ్మునూ మింగేస్తోంది కాబట్టి ముందు దాని సంగతి.

అపోహ: మూడు నెలలు వరుసగా గెలిస్తే ఆట వచ్చేసినట్టే. కుర్రాళ్లు పైకొచ్చింది అలాగే కదా!

వాస్తవం: కాదు. ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి తన గ్రాఫ్ చూపించాడు. పదివేల హ్యాండ్‌లు (ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆట ఒక హ్యాండ్), తొమ్మిది బై-ఇన్‌ల (టేబుల్ దగ్గర కూర్చోవడానికి పెట్టే సొమ్ము) లాభం. రాజీనామా లేఖ కూడా రాసిపెట్టుకున్నాడు. "ఇంకా ఆలోచించాలా సార్?" అన్నాడు.

ఆలోచించాలి. ఆరుగురు ఆడే నో-లిమిట్ (పందేనికి పరిమితి లేని) టేబుల్‌లో ప్రతి 100 హ్యాండ్‌లకు స్టాండర్డ్ డీవియేషన్, అంటే అదృష్టం వల్ల ఫలితం మామూలుగా అటూఇటూ ఊగే కొలత, సుమారు 90 బిగ్ బ్లైండ్లు (బిగ్ బ్లైండ్: ముక్కలు చూడకముందే ఒకరు పెట్టి తీరాల్సిన పందెం). హ్యాండ్‌లు వంద రెట్లయితే ఆ ఊగు పది రెట్లవుతుంది కాబట్టి పదివేల హ్యాండ్‌లకు అది 900; బై-ఇన్ అంటే 100 బిగ్ బ్లైండ్లు, కాబట్టి సరిగ్గా తొమ్మిది బై-ఇన్‌లు. లాభమూ నష్టమూ లేని ఆటగాళ్లను ఆరుగురిని కూర్చోబెట్టి పదివేల హ్యాండ్‌లు ఆడిస్తే, వాళ్లలో సగటున ఒకరు ఆ అబ్బాయి గ్రాఫ్ లాంటిదో, అంతకన్నా మంచిదో తెచ్చి చూపిస్తారు. అదృష్టం తప్ప అందులో ఏమీ ఉండదు. మరోవైపు, 100 హ్యాండ్‌లకు 5 బిగ్ బ్లైండ్లు గెలవగల మంచి ఆటగాళ్లు పదిమందిలో దాదాపు ముగ్గురు అన్నే హ్యాండ్‌ల తర్వాత నష్టంలో ఉంటారు. వాళ్లేమో తమకు ఆట రాదని కుమిలిపోతుంటారు.

ఇద్దరం కూర్చుని అతను గెలిచిన పెద్ద పాట్‌లు (మధ్యలో పోగైన పందెం సొమ్ములు) ఒక్కొక్కటే తిప్పి చూశాం. మొదటి ఐదింటిలో నాలుగు అతను వెనకబడి ఉండగా ఆలిన్ అయినవి, అంటే ఉన్నదంతా పందెం పెట్టినవి. రివర్, అంటే చివరగా తెరిచే ముక్క, కాపాడింది. ఐదోది చూశాక మౌస్ మీద నుంచి చేయి తీసేశాడు. లేఖ ఇవ్వలేదు. అరవై వేల హ్యాండ్‌ల దగ్గర గీత సున్నాకు దిగిందని తర్వాత ఫోను చేసి చెప్పాడు. గొంతులో బాధ వినిపించింది, కానీ జీతం వస్తోంది, అప్పు లేదు. అప్పు చేసి పందెం స్థాయి (స్టేక్స్) పెంచినవాళ్ల ఫోన్లు కూడా నాకు వస్తుంటాయి. వాటి తర్వాత నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

అందరి నోటా గెలిచినవాళ్ల కథలే. 2003లో క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ శాటిలైట్ (పెద్ద టోర్నమెంట్‌కు ప్రవేశం గెలుచుకునే చిన్న టోర్నమెంట్) ద్వారా వచ్చి పోకర్ ప్రపంచ సిరీస్ ప్రధాన టోర్నమెంట్ అయిన మెయిన్ ఈవెంట్‌లో 25 లక్షల డాలర్లు గెలిచాడు. 2008లో 22 ఏళ్ల పీటర్ ఈస్ట్‌గేట్, మరుసటి ఏడాది 21 ఏళ్ల జో కాడా. నిజమే. అదే 2009లో, మహా ప్రతిభావంతుడైన విక్టర్ బ్లోమ్ 19 ఏళ్ల వయసులో ఆన్‌లైన్‌లో ఒక్క రోజులో 40 లక్షల డాలర్లకు పైగా పోగొట్టుకున్నాడు. కుర్రతనం అంటారా? స్టూ అంగర్ 1980, 1981, 1997లలో అదే మెయిన్ ఈవెంట్ గెలిచాడు. 1998లో చనిపోయేనాటికి చేతిలో దాదాపు ఏమీ మిగల్లేదు. బ్యాంక్‌రోల్‌కు, అంటే ఆటకు పక్కన పెట్టుకున్న సొమ్ముకు, వయసుతో పనిలేదు.

అపోహ: దూకుడు ఇంటర్నెట్ కుర్రాళ్లు తెచ్చింది.

వాస్తవం: డాయిల్ బ్రన్సన్ అదే మెయిన్ ఈవెంట్‌ను 1976, 1977లలో వరుసగా గెలిచింది దూకుడుతోనే. ఫిల్ హెల్ముత్ 1989లో దాన్ని గెలిచేనాటికి అతనికి 24 ఏళ్లు. అప్పటికి ఆన్‌లైన్ పోకర్ పుట్టనే లేదు.

అపోహ: తెర ముందు పెరిగినవాళ్లకు మనిషిని చదవడం రాదు.

వాస్తవం: ముఖం ఒక్కటే సమాచారమా? బెట్ సైజు, తీసుకున్న సమయం, పొజిషన్ (ఆడే వరసలో ఎక్కడ కూర్చున్నారన్నది) కూడా మాట్లాడతాయి. అనెట్ ఒబ్రెస్టాడ్ తన ముక్కలు దాదాపు చూడకుండానే 180 మంది ఆడిన ఆన్‌లైన్ టోర్నమెంట్ గెలిచింది. 2007లో, 19వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, ప్రపంచ సిరీస్ యూరప్ మెయిన్ ఈవెంట్‌ను ముఖాముఖి టేబుల్ దగ్గరే గెలిచింది.

సైట్లు కావాలని రివర్ మారుస్తాయన్న పుకారు మీద నాకు ఓపిక పోయింది. ఆన్‌లైన్‌లో గంటకు పది రెట్లు ఎక్కువ హ్యాండ్‌లు చూస్తే దురదృష్టాలూ పది రెట్లు కనిపిస్తాయి.

అపోహ: పాతకాపుల కాలం అయిపోయింది.

వాస్తవం: ఈ భయంతో వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నాకు ఆట నేర్పిన పెద్దాయన కూడా అలాగే వచ్చారు. గంటకు 30 హ్యాండ్‌ల చొప్పున ఏడాదికి వెయ్యి గంటలు ఆడినా, ఆయన ఇరవై ఏళ్ల అనుభవం ఆరు లక్షల హ్యాండ్‌లు. నాలుగు టేబుళ్లు తెరిచిన కుర్రాడు అన్ని హ్యాండ్‌లు రెండేళ్లలో ఆడేస్తాడు. ఆ లెక్క చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది, నాకూ బాధేసింది. కానీ రెండు బై-ఇన్‌లు పోగానే చిప్స్ సర్దుకుని లేచిపోవడం, టిల్ట్‌లో ఉన్న (ఓటమితో నిగ్రహం కోల్పోయిన) ఆటగాడికి ఎడమ పక్క కుర్చీ అడిగి తీసుకోవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏ సాల్వరూ (ఏ చోట ఎలా ఆడాలో లెక్కగట్టే ప్రోగ్రాం) అవి నేర్పదు.

మొన్న ఆయనే సాల్వర్ చూపించమన్నారు. బటన్ (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడే కుర్చీ) నుంచి రెయిజ్ చేశాం, అంటే పందెం పెంచాం; బిగ్ బ్లైండ్ పెట్టినవాడు కాల్ చేశాడు, అంటే అంతే పెట్టాడు; ఫ్లాప్‌లో, అంటే మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఆసు, ఏడు, రెండు వచ్చాయి, ఏ రెండింటికీ ఒకే గుర్తు లేదు. పాట్‌లో మూడో వంతు బెట్‌ను సాల్వర్ చేతిలో ఏ ముక్కలున్నా దాదాపు ఎప్పుడూ వేస్తోంది. కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు. "మరి ఇన్నేళ్లూ నేనిక్కడ పందెం వేయకుండా ఎందుకు చెక్ చేశాను?" అన్నారు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, రాజు, ఏడు, రెండు వేసి చూపించమన్నారు.