వుజూకు బకెట్ నీళ్లా?

రాత్రి ఇషా నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక ఎవరో ఒకరు చెప్పుల దగ్గర తచ్చాడుతుంటారు. అడగబోయేది ఇమాంనైన నాకు ముందే తెలుసు. "హజ్రత్, మనసులోకి చెప్పరాని ఆలోచనలు వస్తున్నాయి. నా ఈమాన్, నా విశ్వాసం, పోయినట్టేనా?"

పోలేదు. ఈ అపోహ నలిపేసినంతగా మనుషులను మరేదీ నలపడం నేను చూడలేదు. నోటితో అనడానికే జంకే ఆలోచనలు వస్తున్నాయని ప్రవక్త (స) సహచరులైన సహాబాలే ఆయన దగ్గర మొరపెట్టుకున్నారు. "అదే స్పష్టమైన ఈమాన్" అన్నారాయన. సహీహ్ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటల) సంకలనంలో ఉన్న మాట ఇది. దొంగను చూసి ఇంటివాడు ఉలిక్కిపడ్డాడంటే ఇల్లు ఖాళీగా లేదనే కదా! పైకి అననంతవరకు, చేయనంతవరకు మనసులో మెదిలినదానికి లెక్క అడగరు.

వస్‌వసా (అదేపనిగా వేధించే అనుమానం) ముదిరితే ఎలా ఉంటుందో డిగ్రీ చదివే ఒక కుర్రవాడిలో చూశాను. జమాత్ (సామూహిక నమాజు) నిలబడినా వుజూ, అంటే నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం, ముగించి కుళాయి వదిలేవాడు కాదు. మోచేయి తడిసిందో లేదోనని మళ్లీ మొదటినుంచి కడిగేవాడు. సలాం తిప్పి నమాజు ముగించాక అదే నమాజు మళ్లీ చదివేవాడు. "ఎంత దైవభీతి!" అని పెద్దలు మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. ప్రవక్త (స) వుజూకు వాడినవి ఒక ముద్ద్ (పాతకాలపు కొలత) నీళ్లు. లీటరు కూడా ఉండవు. మూడుసార్లకు మించి కడగడం తప్పని హదీసు. నిశ్చయం అనుమానంతో చెరగదన్నది ఫిఖ్ (ధర్మశాస్త్ర) సూత్రం: వుజూ చేసినట్టు గుర్తుంది, పోయిందేమోనన్నది ఒట్టి అనుమానం, కాబట్టి వుజూ ఉన్నట్టే. "అనుమానం వచ్చినా లేచి వచ్చేయి నాయనా, ఎవరైనా అడిగితే ఇమాం చెప్పాడని చెప్పు" అన్నాను. మానసిక వైద్యుడి దగ్గరికీ పంపాను. మందు వేసుకుంటే తవక్కుల్ (దేవుడిపై భరోసా) లేనట్టేనా అని వాళ్ల నాన్న సందేహం. జ్వరం మాత్రకు ఎవరూ అడగని ప్రశ్న! ఇప్పుడు మొదటి సఫ్ (వరుస)లో నిలబడుతున్నాడు. మోచేయి ఒక్కసారి తిప్పి చూసుకుంటాడు. నేను చూడనట్టు ఉంటాను.

తఖ్వా అంటే వణుకు అనుకుంటారు. తెలుగులో "భయభక్తులు" అని రాస్తే చెవిలో భయమే పడుతోంది. తఖ్వా అనే అరబీ మాట ధాతువుకు కాచుకోవడమని అర్థం. పాతకాలపు పండితుడు గజాలీ తన గ్రంథం ఇహ్యాలో ఖౌఫ్‌ను (భయాన్ని), రజాను (ఆశను) ఒకే అధ్యాయంలో పెట్టారు, నిరాశలోకి తోసే భయాన్ని నిందించారు. ఇక ఆపరేషన్‌కు భయపడితే ఈమాన్ తక్కువేమీ కాదు. పాముల్లా కనిపించిన మాంత్రికుల తాళ్లు చూసి ప్రవక్త మూసా (అ) మనసులో భయం కలిగిందని ఖుర్ఆనే (20:67) చెబుతోంది.

మదీనాలో షేక్ అహ్మద్‌కు కల వచ్చిందని, ఇంతమందికి పంపకపోతే అరిష్టమని తిరిగే సందేశం ఫోన్లు రాకముందే కరపత్రాలుగా తిరిగింది. మొన్న ఒక పెద్దావిడ దాన్ని పంపడం చేతకాక రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారగానే మనవడిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె చేతనే చెరిపించాను. బిస్మిల్లా అంటూ నొక్కింది.