మిడ్ సఫక్‌లో 24 సీట్లు

ప్రియమైన పిల్లలకు,

ఇంగ్లండ్‌లోని మిడ్ సఫక్ జిల్లాలో పర్యావరణం కోసం పనిచేసే గ్రీన్ పార్టీ గెలిచిందంటే వాళ్ల నాయకుడు ప్రధాని అవుతాడా అని అడిగారు. కాడు. 2023 మే 4న అక్కడ జరిగింది జిల్లా కౌన్సిల్ ఎన్నిక. ఇళ్ల ముందు చెత్త ఎత్తించడం, కొత్త ఇళ్లకు అనుమతులివ్వడం వంటివి ఈ కౌన్సిల్ పనులు. బడులు, రోడ్లు దాని పైనున్న, ఇంకా పెద్ద ప్రాంతానికి చెందిన కౌంటీ కౌన్సిల్ చూస్తుంది. రోడ్డు మీద గుంత పడిందని జిల్లా కౌన్సిలర్‌ను నిలదీస్తే పాపం, ఆయన చేయగలిగింది పెద్దగా ఉండదు.

స్టోమార్కెట్, నీడమ్ మార్కెట్, ఐ వంటి చిన్న పట్టణాలూ, వాటి చుట్టూ పొలాలూ ఉన్న జిల్లా ఇది. 34 సీట్లలో గ్రీన్ పార్టీకి 24, కన్జర్వేటివ్‌లకు 6, లిబరల్ డెమోక్రాట్లకు 4 వచ్చాయి. ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్‌లో గ్రీన్ పార్టీకి సొంత మెజారిటీ రావడం అదే మొదటిసారి. రాత్రికి రాత్రి ఊడిపడిన గెలుపు మాత్రం కాదు, 2019లోనే వాళ్లకు అక్కడ 12 సీట్లున్నాయి. ఇల్లిల్లూ తిరిగి, ఊరి సమస్యల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పార్టీకే ఇలాంటి చోట సీట్లు పెరుగుతాయని నా నమ్మకం.

సీట్లలో 70 శాతం వచ్చాయి కాబట్టి ఓట్లూ అంతే వచ్చి ఉంటాయనుకోకండి. పక్క అభ్యర్థి కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, సీటు దక్కుతుంది. ఓడినవాళ్లకు పడ్డ ఓట్లు లెక్కలోనే మిగిలిపోతాయి. నాకీ పద్ధతి అంతగా నచ్చదు.

ఓటు వేసే తీరు చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మీట నొక్కే యంత్రం లేదు, వేలికి సిరా లేదు. తెర చాటున ఉంచిన పెన్సిల్‌తో కాగితం మీద పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలన్న నిబంధన ఇంగ్లండ్ స్థానిక ఎన్నికలన్నింటికీ వచ్చింది 2023లోనే. ఇద్దరు సభ్యులుండే వార్డులో రెండు గుర్తులు పెట్టొచ్చు. కొందరు ఒకటి ఈ పార్టీకి, ఒకటి ఆ పార్టీకి పెడతారు. అప్పుడు కాగితాలను కట్టలు కట్టి లెక్కపెట్టడం కుదరదు, ఒక్కొక్కటీ విప్పి రాసుకోవాల్సిందే. ఓట్లు సమానమైతే చీటీలు వేసి విజేతను తేలుస్తారు!

మన దేశ పౌరులు అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే, 18 ఏళ్లు నిండితే వాళ్లకూ ఓటుంది. అక్కడ చదువుకుంటున్న మీ అక్క ఓటరుగా పేరు నమోదు చేసుకుందో లేదో అడిగి నాకు రాయండి.

మీ తాతయ్య