రాక్ పాటలో ఆవు గంట

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు వింటున్న పాత రాక్ పాటల్లో డ్రమ్ముల పక్కన టంకు టంకుమని పొడిగా వినిపించేది ఏమిటని అడిగారు. దాన్ని కౌబెల్ అంటారు. పశువు మెడలో కట్టే గంటకు లోపలి నాలుక తీసేసి, స్టాండుకు బిగించి, కర్రపుల్లతో కొడతారు. మూతి అంచున కొడితే బరువైన శబ్దం, మూసి ఉన్న కొస దగ్గర కొడితే సన్నని శబ్దం వస్తాయి. గుడిగంట మోత సాగినట్లు దీని మోత సాగకూడదు కనుక, కొందరు లోపల టేపు కూడా అంటిస్తారు. అలా క్షణంలో తెగిపోయే శబ్దం కాబట్టే గిటార్ల హోరులోనూ లయ ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తుంది.

ఇది రాక్ వాళ్లు కనిపెట్టింది కాదు. క్యూబా నృత్య సంగీతంలో పాట ఊపందుకునే చోట బోంగోలు, అంటే చేతులతో కొట్టే చిన్న జంట డ్రమ్ములు, వాయించేవాడు వాటిని పక్కన పెట్టి ఈ గంట అందుకుంటాడు. క్యూబా సరుకుపై అమెరికా నిషేధం పెట్టాక వాద్యాలు దొరకడం కష్టమైంది. అప్పుడు మార్టిన్ కోహెన్ అనే ఇంజనీరు తానే తయారుచేయడం మొదలుపెట్టి, 1964లో లాటిన్ పర్కషన్ కంపెనీ స్థాపించాడు.

1969లో రోలింగ్ స్టోన్స్ విడుదల చేసిన ‘హాంకీ టాంక్ విమెన్’ మొదట్లో గంట కొట్టింది బృందంలోని వాడు కాదు, రికార్డు నిర్మాత జిమ్మీ మిల్లర్. తరువాత చార్లీ వాట్స్ డ్రమ్ములు అందుకున్నప్పుడు రెండు లయలూ సరిగ్గా అతకవు; ఆ చిన్న తడబాటును వాళ్లు దిద్దకుండా వదిలేయడమే ఆ పాటకు అందమని నా అభిప్రాయం. చేంబర్స్ బ్రదర్స్ వారి ‘టైమ్ హాజ్ కమ్ టుడే’ పూర్తి రూపం, పదకొండు నిమిషాలది, తప్పక వినండి. అందులో గంట గడియారమై టిక్కు టిక్కుమంటూ, నడుమ మందగించి, వినేవాణ్ణి కాలం ఆగిపోతుందేమోనన్న సందిగ్ధంలో పెడుతుంది. ఫంక్‌లో, అంటే లయే ప్రధానమైన అమెరికన్ నృత్య సంగీతంలో, నాకు నచ్చింది 1975 నాటి ‘లో రైడర్’. అక్కడ వార్ బృందం గంటతోనే పాట మొదలుపెడుతుంది.

2000లో ఒక అమెరికన్ టీవీ హాస్య నాటిక, బ్లూ ఆయిస్టర్ కల్ట్ 1976లో చేసిన ‘డోంట్ ఫియర్ ద రీపర్’ పాటలోని గంటను ఎగతాళి చేసింది. అప్పటినుంచి కౌబెల్ అనగానే చాలామంది నవ్వుతారు. అసలు రికార్డులో ఆ గంట ఎంత తక్కువ శబ్దంతో ఉంటుందంటే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెతికితే తప్ప చాలామందికి చిక్కదు.

మీ తాతయ్య