మూడేళ్లకే దిగిపోవాలా? యానిమేటర్ల పేచీ వెనక కథ

ఊళ్లోని డ్వాక్రా మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యలో బుక్కులు రాసే యానిమేటర్‌ను మూడేళ్లకు మార్చాలన్న నిబంధనపై ఆంధ్రప్రదేశ్‌లో గొడవ మళ్లీ రాజుకుంది. కొత్తవాళ్లు నాయకత్వంలోకి రావద్దా అని అధికారులు అంటుంటే, ఊళ్లో పార్టీ మారినప్పుడల్లా మమ్మల్ని తీసేయడానికే ఇదంతా అని యానిమేటర్లు అంటున్నారు.

డ్వాక్రా పుట్టుక, సారా ఉద్యమం అందరికీ తెలిసినవే. కర్నూలు, అనంతపురం జిల్లాల పాత్ర మాత్రం మళ్లీ చెప్పుకోవాలి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ పేదరిక నిర్మూలన పథకం ఈ రెండింటితో పాటు మహబూబ్‌నగర్‌లోనూ మొదలైంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ఆడవాళ్లు పొదుపుతో మొదలుపెట్టి మండల సమాఖ్య కట్టుకున్నారు, సొంతంగా బడి కూడా నడిపారు. 2000లో పేదరిక నిర్మూలన కోసం ఏర్పడిన ప్రభుత్వ సంస్థ సెర్ప్ ఈ పద్ధతినే రాష్ట్రమంతా తీసుకెళ్లింది. 2011లో కేంద్రం తెచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కూ మూలం ఇదే.

అప్పట్లో సభ్యుల్లో చాలామందివి వేలిముద్రలే. బుక్కులు రాయడానికి ఊళ్లో కాస్త చదువుకున్న కోడలినో కూతురినో పెట్టుకునేవాళ్లు. ఆమె చేతిలో ఎంతో కొంత పెట్టేదీ వాళ్లే, లెక్క తేడా వస్తే నిలదీసేదీ వాళ్లే. వంతులవారీగా మారాల్సింది సంఘం లీడర్లు, సమాఖ్య అధ్యక్షురాలు, కార్యదర్శి. బుక్కులు రాసే మనిషిని నాయకురాలిగా ఎవరూ లెక్కపెట్టలేదు.

సంఘాల అప్పులపై పావలాకు మించిన వడ్డీని సర్కారు భరించే పావలా వడ్డీ పథకంతోనే సంఘాలు అప్పుల చుట్టూ తిరగడం మొదలైందని కొందరంటారు. కొంత నిజమే. అసలు మలుపు మాత్రం 2019లో వచ్చింది. యానిమేటర్ గౌరవ వేతనం నెలకు 10 వేలైంది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన డబ్బు, చేసే చాకిరీకి అదీ తక్కువే. కానీ అందులో పెద్ద వాటా సర్కారుది. దాంతో ఆ పోస్టు మీద ఊరి పెద్దమనుషుల కన్ను పడింది. ఫోన్లో యాప్‌లు, సర్వేలు, మంత్రి వస్తే సభకు బస్సు నింపడం కూడా ఆమె నెత్తినే పడ్డాయి. మూడేళ్ల సర్క్యులర్ వచ్చింది ఇదంతా అయ్యాకే.

అధికారులది పూర్తిగా తప్పని కాదు. ఒకే మనిషి పదేళ్లు ఉంటే పాస్‌బుక్కులు ఆమె బీరువాలోనే ఉండిపోతాయి, కొన్నిచోట్ల కంతుల డబ్బు పక్కదారి పట్టింది కూడా. అయితే యానిమేటర్లు అడిగేదానికి అధికారుల దగ్గర జవాబు లేదు. తీసేయమని సమాఖ్య మీటింగులో ఎవరు అడిగారు? తీర్మానం పుస్తకంలో ముందు సంతకాలు తీసుకుని, పైన విషయం తర్వాత రాయడం కొత్త నాయకత్వాన్ని పెంచడం ఎలా అవుతుంది? ఏ ఇంట్లో ఎవరికి ఎంత బాకీ ఉందో నోటికి చెప్పగల మనిషిని పంపేసి, లెడ్జరు తిప్పడం రాని అమ్మాయిని కూర్చోబెడితే బ్యాంకు ముందు తిప్పలు పడేది సభ్యులే.

సర్క్యులర్ రద్దు, ఉద్యోగానికి రాతపూర్వక నియమాలు (హెచ్ఆర్ పాలసీ), బీమా ఇప్పుడు యూనియన్ల డిమాండ్లు. ఉద్యోగం ఖాయమైతే పార్టీవాళ్ల బెడద తగ్గుతుంది, సంఘం మాట వినాల్సిన అవసరమూ తగ్గుతుంది. ఆ రెండో మాట యూనియన్లు ఎత్తడం లేదు.