కేసు ఉంటే పని దొరకదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని కోరాపుట్, జయపురం ప్రాంతంలో జైలు నుంచి బయటికొచ్చిన వాళ్ళకి వైరింగ్, వెల్డింగ్ నేర్పి పనిలో పెట్టిస్తుంటాను. ఎక్కువమంది గంజాయి మూట మోస్తూ దొరికిపోయిన కుర్రాళ్ళే. పని తొందరగానే పట్టుకుంటారు. ఊళ్ళో విన్న మాటలే వాళ్ళని వెనక్కి లాగుతుంటాయి.

అపోహ: ఫారంలో 'లేదు' అని రాసేస్తే గొడవే ఉండదు.

వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. పర్లాకిమిడి వైపు తెలుగబ్బాయి ఒకడు సర్కారు ఉద్యోగం ఫారం పట్టుకొచ్చాడు. 'ఎప్పుడైనా అరెస్టయ్యారా?' అన్న గడి దగ్గర పెన్ను ఆపేశాడు. "కేసు కొట్టేశారు కదా మాస్టారూ, లేదని రాసేయనా?" అన్నాడు. ఇంట్లోవాళ్ళూ అదే చెప్పారట. అక్కడ అడిగింది అరెస్టు గురించి, శిక్ష గురించి కాదు. 'అవును' అని రాయించి, కేసు నంబరు వేయించి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేయించాను.

అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. సూటిగా అడిగింది దాస్తే, వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు. ఫారంలో అడగని విషయం చెప్పలేదని మాత్రం తప్పుపట్టకూడదు. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే, దాచినా అధికారి క్షమించవచ్చు. అలాగని నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, పూర్వాపరాలు చూసే హక్కు వాళ్ళకుంది. ఇది ముందే చెబుతాను, ఉత్త ఆశలు పెట్టడం నాకిష్టం లేదు.

అపోహ: నేరం రుజువైతే ఇక జీవితమంతా మచ్చే.

వాస్తవం: 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా వదిలేస్తే, దోషిగా తేలినందువల్ల వచ్చే అనర్హత వర్తించదని 12వ సెక్షన్ చెబుతోంది. కానీ మా దగ్గరి గంజాయి కేసులకు మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 33వ సెక్షన్ అడ్డు. పద్దెనిమిది నిండినవాళ్ళకి ఆ వెసులుబాటు దాదాపు లేనట్టే. మూట మోసిన కూలీకి ఇది చాలా అన్యాయమని నా అభిప్రాయం. శిక్ష పడినవాళ్ళని ప్రైవేటు సెక్యూరిటీ గార్డుగా పెట్టుకోకూడదని 2005 చట్టం కూడా ఉంది. అందుకే వాళ్ళని అటు పంపను, వెల్డింగ్ షాపులకి పంపుతాను.

అపోహ: కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు రాదు, గల్ఫ్ మాట మరిచిపోవాలి.

వాస్తవం: కేసు నడుస్తున్న కోర్టులోనే విదేశం వెళ్ళడానికి అనుమతి అడగొచ్చు. ఆ ఉత్తర్వు చూపిస్తే పాస్‌పోర్టు ఇచ్చే వీలు 1993 నుంచీ ఉంది. ఏజెంటుకి డబ్బు కట్టకముందే వకీలు దగ్గరికి వెళ్ళండి.