టొరంటో పేరు మాంట్రియల్‌ని ఎప్పుడు దాటింది?

కెనడా అనగానే ఇప్పుడు మనవాళ్ల నోట ముందొచ్చే ఊరు టొరంటో. పిల్లలు ఉండేది టొరంటో పక్క ఊళ్లు బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో అయినా, ఇక్కడ అమ్మానాన్నలు చుట్టాలకి చెప్పేది మాత్రం "మావాడు టొరంటోలో ఉంటున్నాడు" అనే.

1960ల్లో ఆ స్థానం మాంట్రియల్‌ది. దేశంలో పెద్ద ఊరు, పెద్ద రేవు, బ్యాంకులు, కంపెనీల హెడ్డాఫీసులు అన్నీ అక్కడే. 1967లో ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన పెడితే 5 కోట్లకు పైగా సందర్శనలు నమోదయ్యాయి, అప్పటికి కెనడా మొత్తం జనాభా 2 కోట్లే. టొరంటో మాత్రం మడి కట్టుకున్న ఊరు. ఒకప్పుడు అక్కడ ఈటన్స్ అనే పెద్ద షాపువాళ్లు ఆదివారం అద్దాలకి పరదాలు వేసేసేవాళ్లు, దారినపోయేవాళ్లు లోపలి సరుకు చూసి ఆశపడకుండా!

తమాషా ఏంటంటే, మాంట్రియల్ పేరు ప్రపంచమంతా మోగిన 1976లోనే లెక్క తిరగబడింది. ఆ ఏడు అక్కడ జరిగిన ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ నాడియా కొమనేచికి పదికి పది వస్తే బోర్డు మీద 1.00 అని పడింది, ఎందుకంటే 10.00 చూపించడం ఆ బోర్డుకి చేతకాదు. మన హాకీ జట్టు మొదటిసారి కృత్రిమ పచ్చిక మీద ఆడి ఏడో స్థానంలో తేలింది కూడా అక్కడే. అదే ఏడాది టొరంటోలో 553 మీటర్ల సీఎన్ టవర్ తెరిచారు, అదే ఏడాది జనాభా లెక్కల్లో టొరంటో మహానగరం మాంట్రియల్‌ని దాటేసింది. నవంబర్‌లో మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో కెనడా నుంచి విడిపోదామనే పార్టీ గెలిచింది, మరుసటి ఏడు ఫ్రెంచ్ తప్పనిసరి చేసే చట్టం వచ్చింది, 1978లో సన్ లైఫ్ ఇన్సూరెన్స్ వాళ్లు హెడ్డాఫీసు టొరంటోకి మారుస్తున్నామన్నారు.

చాలామంది అంతా భాషా గొడవ వల్లే అంటారు, నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది. 1959లో సెయింట్ లారెన్స్ నది మీద కొత్త కాలువలు తెరిచాక పెద్ద ఓడలు మాంట్రియల్‌లో సరుకు దించకుండా నేరుగా పైకి, టొరంటో వైపు వెళ్లిపోవడం మొదలైంది, డబ్బు అప్పటికే పడమటికి కదులుతోంది. దానికి తోడు 1975లో ఊరికి దూరంగా మిరబెల్ విమానాశ్రయం కట్టి అమెరికావి తప్ప మిగతా విదేశీ విమానాలని అక్కడికి తోలారు, దాంతో చాలా ఎయిర్‌లైన్స్‌ టొరంటోకే మొగ్గాయి. విమానం ఎక్కడ దిగితే జనం అక్కడే కదా.

మనకి టొరంటో పేరు ఇంట్లోకి వచ్చింది సహారా కప్ క్రికెట్‌తో. 1996 నుంచి మూడేళ్లు ఇండియా, పాకిస్తాన్ అక్కడ ఆడాయి. 1997లో గంగూలీ బౌలింగ్‌తో కూడా దడదడలాడించాడు, ఇంజమామ్ "ఆలూ" అన్న ప్రేక్షకుడి మీదకి వెళ్లి గొడవపడ్డాడు, ఆ సీన్ చూసినవాళ్లెవరూ ఊరి పేరు మర్చిపోలేదు.

మాంట్రియల్ పేరు ఇప్పుడు ఎక్కువగా కాగితాల్లో బతుకుతోంది. ఓజోన్ పొరని కాపాడే 1987 ఒప్పందం దాని పేరు మీదే ఉంది కాబట్టి గ్రూప్స్‌కి చదివే ప్రతివాడికీ అదొక బిట్టు, ఊరు మ్యాప్‌లో ఎక్కడుందో తెలియకపోయినా సరే. పౌర విమానయాన సంస్థ ఐకావో ఆఫీసు కూడా ఇంకా అక్కడే.

టొరంటో కూడా ఒలింపిక్స్ కోసం పోటీపడింది. 1996వి అట్లాంటాకి పోయాయి, 2008వి బీజింగ్‌కి. రాకపోవడమే మంచిదైందేమో! మగాడికి కడుపు ఎలా రాదో ఒలింపిక్స్‌కి నష్టం కూడా అలాగే రాదని అప్పటి మాంట్రియల్ మేయర్ జాన్ డ్రాపో ఘనంగా చెప్పాడు, 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు తీరేసరికి 2006 అయింది.