ఎత్తు లేపిన పాత బండిలో ముందు చక్రాల కోణాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో పాత ఫోర్ బై ఫోర్ బండి కొనేవారిలో ఎక్కువమందికి దానితో నిజమైన పని ఉంటుంది. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోయాలి, లేదా ఉదయగిరి, పామూరు పరిసరాల్లో రాళ్లు తేలిన బాటల్లో తోటకు వెళ్లిరావాలి. అలాంటివారి చేతికి వచ్చే బండి, ముఖ్యంగా 2010 నుంచి 2020 వరకు తయారైన తొలి తరం థార్, చాలాసార్లు అప్పటికే ఎవరో ఎత్తు లేపి, పెద్ద టైర్లు వేసినదై ఉంటుంది. కొన్న కొద్ది కాలానికే ముందువైపు నుంచి టకటక శబ్దం, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం, టైరు బయటి అంచు అరిగిపోవడం మొదలవుతాయి. షెడ్డుకు తీసుకువెళితే చక్రాన్ని పట్టి ఉంచే గుండు కీలును, అంటే బాల్ జాయింట్‌ను మారుస్తారు, తర్వాత కదిలే చోట్ల ఉండే రబ్బరు బుష్‌లు మారుస్తారు, ఆ తర్వాత షాకబ్జర్లు మారుస్తారు. డబ్బు ఖర్చవుతుంది, కొన్ని నెలలకు అదే శబ్దం మళ్లీ వస్తుంది. అరిగిన భాగాన్ని మార్చారు గానీ, అది అరగడానికి కారణమైన కోణాన్ని ఎవరూ కొలవకపోవడమే ఇందుకు కారణం.

ఆ కోణం సంగతి అర్థం కావాలంటే బండి కింద చూడాలి. సీఆర్‌డీఈ, అంటే కామన్ రైల్ డీజిల్ ఇంజను ఉన్న థార్‌లో ముందు చక్రాలు రెండూ విడివిడిగా కదులుతాయి. ఒక్కో చక్రాన్ని ఛాసిస్‌కు కలుపుతూ పైన ఒకటి, కింద ఒకటి చేతులు ఉంటాయి; వాటినే మెకానిక్‌లు ఆర్మ్‌లు అంటారు. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు ఆర్మ్ కొస నిలువు గీత మీద కాకుండా ఒక వృత్తఖండం మీద నడుస్తుంది. కింది ఆర్మ్ పొడవు 400 మిల్లీమీటర్లు అనుకుందాం. అది నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు చక్రం 10 మిల్లీమీటర్లు కదిలితే కొస పక్కకు జరిగే దూరం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మాత్రమే. ఇప్పుడు బండిని 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు లేపితే ఆర్మ్ బయటి కొస కిందికి వాలి, సుమారు 7 డిగ్రీల ఏటవాలుకు చేరుతుంది. ఆ స్థితి నుంచి చక్రం మరో 10 మిల్లీమీటర్లు దిగితే పక్కకు జరిగే దూరం దాదాపు 1.4 మిల్లీమీటర్లు అవుతుంది. పాఠశాలలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రంతో ఎవరైనా ఈ లెక్క సరిచూసుకోవచ్చు. అదే గుంత, అదే కుదుపు, కానీ టైరు నేల మీద అడ్డంగా ఒరుసుకునే దూరం పది రెట్లకు మించి పెరిగింది.

స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ కూడా ఇలాగే తన సొంత వృత్తఖండం మీద కదులుతుంది. కంపెనీ ఇంజనీర్లు టై రాడ్ వృత్తమూ ఆర్మ్‌ల వృత్తమూ మామూలు ఎత్తు దగ్గర దాదాపు ఒకటిగా నడిచేలా కొలతలు నిర్ణయిస్తారు. ఎత్తు మారగానే ఆ పొందిక చెడి, చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ టై రాడ్ దాన్ని కొద్దిగా తిప్పుతుంది. డ్రైవరు స్టీరింగ్ కదపకపోయినా బండి దారి మార్చుకుంటుంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కావలి దాటాక వేగం అందుకున్న బండి అతుకుల దగ్గర ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంటుందంటే, ముందుగా అనుమానించవలసింది దీనినే.

ఈ సీఆర్‌డీఈ థార్‌లో ఎత్తు లేపడం ప్రమాదకరమైనంత సులువు. దాని ముందు భాగంలో స్ప్రింగ్ చుట్టలు ఉండవు. ఛాసిస్ పొడవునా అమర్చిన టార్షన్ రాడ్, తడిబట్టను పిండినట్టు మెలి తిరుగుతూ బండి బరువును మోస్తుంది. రాడ్ వెనక కొస దగ్గర ఉన్న సర్దుబాటు బోల్టు బిగిస్తే చాలు, బండి ముందు భాగం లేస్తుంది; కిట్ కొనే పని కూడా లేదు. బోల్టు బిగించాక బండి గట్టిగా కొడుతుంటే రాడ్ గట్టిపడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి రాడ్ గట్టిదనం దాని లోహం, పొడవు, మందం మీద ఆధారపడుతుంది; బోల్టు ఈ మూడింటిలో దేన్నీ మార్చదు. బండి బరువు మారలేదు కాబట్టి ఆ బరువును మోయడానికి రాడ్‌లో ఉండవలసిన మెలి కూడా దాదాపు మారదు. బోల్టు చేసేదల్లా ఆ మెలి మొదలయ్యే చోటును జరపడమే. మారేది ఆర్మ్ ఆగే స్థానం. చక్రం కిందికి దిగడానికి ఉన్న చోటు తరిగిపోయి, చిన్న గుంతకే ఆర్మ్ వెళ్లి ఆపు రబ్బరుకు కొట్టుకుంటుంది. మనకు వినిపించే ఆ గట్టి దెబ్బ స్ప్రింగుది కాదు, ఆ రబ్బరుది.

ఇది తెలిస్తే ఒక అనవసరపు ఖర్చు కూడా తప్పుతుంది. టార్షన్ బోల్టుతో లేపిన బండికి పొడవాటి షాకబ్జర్లు అవసరమని అమ్మేవారు ఉన్నారు. ఆర్మ్ దిగగలిగే హద్దునూ, లేవగలిగే హద్దునూ ఆపు రబ్బర్లే నిర్ణయిస్తాయి; అవి ఉన్నచోటే ఉన్నాయి. కాబట్టి కంపెనీ పొడవు షాకబ్జరే సరైనది. పొడవాటిది వేస్తే పెద్ద గుంతలో చక్రం పైకి లేచినప్పుడు ఆపు రబ్బరు కంటే ముందే షాకబ్జర్ అడుగంటి, దాని లోపలి భాగాలు దెబ్బతింటాయి.

రొయ్యల గుంటల ప్రాంతంలో తిరిగిన బండి కొనేటప్పుడు ముందు యాక్సిళ్ల రబ్బరు బూట్లను దగ్గరగా చూడాలి. చక్రం తిరిగినా, పైకీ కిందికీ ఊగినా ఇంజను శక్తి ఒకే వేగంతో అందేలా చేసే కీలు ఆ బూటు లోపల ఉంటుంది. ఆల్ఫ్రెడ్ రెజెప్పా 1920లలో రూపొందించిన ఆరు గుండ్ల కీలుకు ఇది వారసురాలు. బండి లేచినప్పుడు యాక్సిల్ ఎప్పుడూ వంపులోనే ఉంటుంది. బూటు మడతలు ఒకవైపు సాగి, మరోవైపు ఒకదానికొకటి ఒత్తుకుని తిరుగుతూ చివరకు మడత లోతులో చీలతాయి. బయటినుంచి చూస్తే చీలిక కనిపించదు. రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చుక్కలు వలయంలా చిమ్మి, వాటికి దుమ్ము అంటుకుని ఉంటే బూటు చీలినట్టే. ఆ చీలిక గుండా ఉప్పునీరు చేరితే గుండ్లు తిరిగే గాడులు తుప్పుపట్టి గుంతలు పడతాయి, మలుపులో కటకటమని శబ్దం వస్తుంది. చీలిక కొత్తదైతే బూటు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. శబ్దం మొదలయ్యాక ఆ కీలు మార్చక తప్పదు.

ఉప్పు మరో చోట కూడా పని చేస్తుంది. ఆర్మ్ బుష్ మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది, దానిలోంచి బోల్టు వెళుతుంది. తుప్పు పట్టిన బోల్టు ఆ గొట్టానికి అతుక్కుపోతే ఎంత విప్పినా గొట్టంతో సహా తిరుగుతుంది, రబ్బరు చిరుగుతుంది. చివరకు కోసి తీయవలసి వస్తుంది. తీరం వైపు తిరిగిన బండికి ఈ పని కూలి ముందే మాట్లాడుకోవడం మంచిది.

బుష్ విషయంలో షెడ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగా కొత్త బుష్‌లు వేసి, అక్కడికక్కడే బోల్టులు పూర్తిగా బిగిస్తారు. బుష్ రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది, అది జారదు, మెలి తిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగించిన బుష్ బండి నేల మీదకు దిగగానే మెలి పడి, నిలబడి ఉన్నంతసేపూ ఆ మెలిలోనే ఉంటుంది. గుంతలో చక్రం లేచినప్పుడు మెలి ఇంకా పెరిగి, రబ్బరు త్వరగా చిరుగుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని నేలకు దించి, నాలుగు గజాలు ముందుకూ వెనక్కూ నడిపి, బరువు చక్రాల మీద ఉండగానే చివరి బిగింపు ఇవ్వాలి. టార్షన్ బోల్టుతో ఎత్తు మార్చినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాలి. పావుగంట పనికి బద్ధకించి ఏటేటా బుష్‌లు కొనడం తెలివైన పని కాదు.

పాత జీపుల సంగతి వేరు. వాటి ముందు భాగంలో ఇరుసు మొత్తం ఒకటే, దాని కింద కమాన్ కట్టలు ఉంటాయి. కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను పొడవాటిది వేసి ఎత్తు లేపితే కట్ట ఒక కొస మాత్రమే కిందికి దిగుతుంది, దానితో ఇరుసు తన అక్షం చుట్టూ కొద్దిగా తిరుగుతుంది. అప్పుడు మారేది కాస్టర్ కోణం. చక్రం తిరిగే నిలువు అక్షం పైభాగం కొన్ని డిగ్రీలు వెనక్కు వాలి ఉండటం వల్ల ఆ అక్షం నేలను తాకే చోటు టైరు తాకే చోటుకు ముందు ఉంటుంది. అందుకే మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు వస్తుంది. ఆ వాలు తగ్గితే బండి నిటారు దారిలో కూడా తేలుతున్నట్టు పోతుంది. కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు ప్లేటు వేసి దీన్ని సరిచేయవచ్చు, అయితే అదే ప్లేటు, ఇరుసుకు ఇంజను శక్తిని తెచ్చే ముందువైపు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాన్ని చెడగొట్టవచ్చు కాబట్టి రెండింటినీ చూసుకోవాలి. ఎత్తు కోసం ముందు ఇరుసు మీద ఇనుప దిమ్మెలు మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు తిరగబడాలని చూసే బలం ఆ దిమ్మె మీద పడి, అది జారిపోయే ప్రమాదం ఉంది.

జీపులలో ఒక వేగం దగ్గర స్టీరింగ్ విపరీతంగా ఊగడం కూడా వింటాం. చుట్టుకొలత 2.3 మీటర్లున్న టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 7 సార్లు తిరుగుతుంది. చక్రంలో ఉన్న చిన్న అసమతూకం అన్నిసార్లు తోస్తుంటే, చక్రం పక్కలకు తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు వదులై, టై రాడ్ ఎండ్లు వదులై ఉన్న ఇరుసు సహజ కంపనం దానితో కలిసి ఊగు పెంచుకుంటుంది. స్టీరింగ్ డాంపర్ వేస్తే ఊగు అణుగుతుంది గానీ వదులు అలాగే ఉంటుంది, పెరుగుతుంది. కొండపి, నాగులుప్పలపాడు వైపు రేగడి చేలలో వాన తర్వాత తిరిగిన బండి అయితే, ఏ భాగం విప్పకముందే రిమ్ముల లోపలి అంచులు కడిగి చూడాలి. అక్కడ ఎండి అతుక్కున్న బంకమట్టి ఒక్కటే చక్రం సమతూకాన్ని చెడగొట్టగలదు.

మరి లేపిన థార్‌ను బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి? సమనేల మీద నిలిపి, హబ్ మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు వరకు రెండు వైపులా టేపుతో కొలవాలి. తర్వాత ఆర్మ్‌కూ కింది హద్దు దగ్గరి ఆపు రబ్బరుకూ మధ్య సందు చూడాలి. సందు లేకపోతే, ఏ భాగం కొనకముందే ఎత్తు తగ్గించాలి. చక్రం మీద బరువు పడని విధంగా జాకీ పెట్టాకే టార్షన్ బోల్టు తిప్పాలి, లేకపోతే మరలు చెడతాయి. ఈ పద్ధతిలో ఒక అంగుళానికి మించి లేపడం తగదని నా అభిప్రాయం. 235/70 ఆర్ 16 టైరు స్థానంలో 245/75 ఆర్ 16 వేస్తే వ్యాసం సుమారు 38 మిల్లీమీటర్లు పెరిగి, బండి 19 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆర్మ్‌ల కోణం మారకుండా దక్కే ఎత్తు అది. స్పీడోమీటరు మాత్రం నిజమైన వేగం కంటే అయిదు శాతం దాకా తక్కువ చూపుతుంది. చట్టం కూడా గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఎవరో లేపిన బండి కొన్నా, సమాధానం చెప్పవలసింది ఇప్పటి యజమానే.

ఎత్తు కుదిరాక, అరిగిన భాగాల వంతు. చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, హబ్ బేరింగుల వదులు తెలుస్తుంది. రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ వదులు తెలుస్తుంది. ఒకరు ఊపుతుంటే మరొకరు కీలు మీద వేలు పెట్టి ఉంచితే, కంటికి కనిపించని ఆటను వేలు పట్టేస్తుంది. భాగాలు మార్చి, బుష్ బోల్టులు నేల మీద బిగించాకే అలైన్‌మెంట్‌కు వెళ్లాలి. అక్కడ కాస్టర్, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) ముందు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చివర సరిచేయాలి, ఎందుకంటే మొదటి రెండింటిలో ఏది కదిపినా టో మారుతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ముందు టైరు మీద అరచేతిని అడ్డంగా, లోపలినుంచి బయటికీ బయటినుంచి లోపలికీ నిమిరి చూడాలి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో ఇంకా సరిపోలేదు, మళ్లీ చూపించాలి.